అవ్వ ఊ కొట్టిన బొమ్మలు

మా ఇంట్లో కథ చెప్పించుకోవాలంటే ఒక షరతు ఉండేది. వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథ కూడా ఆగిపోయేది. మా నాయిన తల్లి, మా అవ్వ, ఈ విషయంలో ఎవరి మొహమూ చూసేది కాదు. కథలో రాజు అడవిలో పులి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మేం నిద్రమత్తులో ఒక్క ఊ మింగేశామంటే దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకునేది. పాపం ఆ రాజు తెల్లవారేదాకా పులి ముందే నిలబడేవాడు.

నేను నా జీవితంలో ఒకే ఒక సినిమా తీశాను. మాటల్లేని బొమ్మల సినిమా. పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. దాన్ని ఎట్లా తియ్యాలో ఎవరూ నేర్పలేదు. నేర్పిందల్లా ఈ ఊ ఒక్కటే.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చి జనగామలో బడులు మూతపడ్డాయి. పెద్ద తరగతుల పిల్లలు ఊరేగింపుల్లో తిరుగుతున్నారు. నాకు అప్పుడు పదేళ్లు. ఊరేగింపుకు పనికిరాను, ఇంట్లో పనికి అంతకంటే పనికిరాను. మాది కిరాణా దుకాణం. నాయిన కూర్చునే గల్లాపెట్టె వెనక గోడకు, రోజుకో కాగితం చింపే క్యాలెండర్ వేలాడేది. ఒకరోజు దాన్ని మేకు మీద నుంచి తీసి, బొటనవేలితో కాగితాలన్నీ బర్రున జారవిడిచాను. తేదీల అంకెలు గబగబా గెంతాయి. అంకెలు గెంతగా లేనిది పిల్లి గెంతదా అనిపించింది. ప్రతి కాగితం కింది మూలన పెన్సిల్‌తో ఒక పిల్లిని వెయ్యడం మొదలుపెట్టాను. ఒక కాగితం మీద పిల్లి తల ఎత్తుతుంది, తర్వాతి దాని మీద ఇంకాస్త ఎత్తుతుంది. పైన ఉట్టి మీద పెరుగు కుండ ఉంది. పిల్లి దాన్ని అందుకోవాలి. కథ అంతే.

అవ్వ దగ్గరికి తీసుకుపోయాను. అవ్వ ఎప్పుడూ దుకాణం వెనక గదిలో ఉండేది. తాత పోయేటప్పటికి నాయిన ఇంకా ఉయ్యాలలో ఉన్నాడట. అప్పటినుంచి అవ్వ చేతులకు గాజుల్లేవు, నుదుట బొట్టు లేదు, దుకాణంలో ముందుకు రావడం లేదు. చింతపండు, మిరపకాయలు, బెల్లం వెనకనే తూకం వేసి, పొట్లం కట్టి, తలుపు సందులోంచి చెయ్యి చాపి ఇచ్చేది. బేరానికి వచ్చిన వాళ్లలో చాలామందికి అవ్వ ముఖం తెలియదు, చెయ్యి మాత్రమే తెలుసు. పొద్దున నాయిన సరుకు కోసం వరంగల్ బయలుదేరుతుంటే అవ్వ తనంతట తానే తలుపు వెనక్కి జరిగేది. కన్నకొడుక్కు ఎదురు రాకూడదని. ఎవరూ చెప్పక్కర్లేకుండానే జరిగేది. నేను చాలా ఏళ్లు అది మా ఇంట్లో తలుపు వేసుకునే పద్ధతి అనుకున్నాను.

"అవ్వా, కథ చెప్త," అన్నాను.

"చెప్పు."

"నోటితోని కాదు. చూడు," అని క్యాలెండర్ కాగితాలు జారవిడిచాను.

అవ్వ చూసింది. ఊ అనలేదు. మళ్లీ చూపించాను. మళ్లీ అనలేదు.

"ఏందే, పిల్లి ఇటుండె, అటు పాయె. గాలికి పోయిందా?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా పట్టుదల కొద్దీ తుడిచి మళ్లీ వేశాను. పిల్లి దూకే ముందు కాసేపు ఆగి, వెనక కాళ్ల మీద ఒదిగి, నడుం అటూ ఇటూ కదిపేటట్టు వేశాను. ఆ ఆగడం కోసమే వారం రోజుల కాగితాలు ఖర్చయ్యాయి. ఈసారి చూపిస్తే పిల్లి ఒదిగిన చోట అవ్వ "ఊ" అంది. దూకినప్పుడు కాదు, ఒదిగినప్పుడు. అంటే పిల్లి మనసులో ఏముందో అవ్వకు అక్కడే అర్థమైంది. ఆ ఊ విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం తర్వాత జీతం అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

కానీ ఆ సినిమాకు ఒక గండం ఉంది. నాయిన రోజూ పొద్దున్నే ఒక కాగితం చింపి, దాంట్లో ఇంగువ పొట్లం కట్టేవాడు. సినిమా మొదటినుంచి రోజుకో బొమ్మ చొప్పున అరిగిపోయింది. కొన్నాళ్లకు పిల్లి ఒదగడం పోయింది. దసరా నాటికి కథ మొదలయ్యేసరికే పిల్లి గాలిలో ఉండేది. "ఏడికెల్లి దూకిందో చూపియ్యకపోతివి, నేను ఊ అనను," అని అవ్వ నవ్వేది. ఏడాది చివరికి పిల్లి మూతి నాక్కోవడం ఒక్కటే మిగిలింది. జనగామలో చాలా ఇళ్లకు నా సినిమా ఇంగువతో పాటు చేరింది.

బడులు తెరిచారు. చదువు సాగింది, బొమ్మలూ సాగాయి. ఎనభైల మొదట్లో మహబూబాబాద్‌లో ఆడపిల్లల బడికి డ్రాయింగ్ టీచరుగా వెళ్లాను. టెంపరరీ ఉద్యోగం. ఏటా వేసవికి తెగిపోయి, బడి తెరిచాక మళ్లీ అతుక్కునేది. పెళ్లికాని పిల్ల ఒంటరిగా ఉండకూడదని నాయిన అవ్వను తోడు పంపించాడు.

తోడు వచ్చింది అవ్వే గానీ, బాగుపడింది కూడా అవ్వే. మహబూబాబాద్‌లో ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. మొదటి నెల గదిలోనే ఉంది. రెండో నెల పాల కోసం వీధి చివరిదాకా వెళ్లింది. ఆ తర్వాత ఇక పట్టపగ్గాల్లేవు. మిరపకాయల దగ్గర బేరం చేసి గొడవ పెట్టుకునేది. సాయంత్రం రైల్వే స్టేషన్‌కు వెళ్లి బెంచీ మీద కూర్చుని దిగేవాళ్లను, ఎక్కేవాళ్లను చూసి వచ్చేది. నేను బడి నుంచి వచ్చేసరికి ఒక్కోసారి తాళం వేసి ఉండేది. అరుగు మీద కూర్చుని నేనే ఆమె కోసం ఎదురుచూసేదాన్ని.

అట్లాంటి రోజుల్లో నాయిన వచ్చి ఒక మాట చెప్పి పోయాడు. "ఈ ఎండకాలం దాటేలోపల నౌకరి పక్కా అయితే సరే. లేకుంటే ఇద్దరు సామాను సర్దుకోండ్రి."

తిరిగిపోతే నాకు పెళ్లి చేసేస్తారు. దాని గురించి బెంగ లేదు. ఎప్పటికైనా తప్పదు. కానీ అవ్వ మళ్లీ ఆ వెనక గదిలోకి, ఆ తలుపు సందులోకి పోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఆ మాట అవ్వతో అనలేదు. అవ్వ మాత్రం ఆ రోజు స్టేషన్ నుంచి ఆలస్యంగా వచ్చింది.

సరిగ్గా అప్పుడే వయోజన విద్య ఆఫీసరు మా బడికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మంచివాడు. నల్లబల్ల మీద నా బొమ్మలు చూసి పిలిపించాడు.

"ఊళ్లలో సినిమాలు వేస్తున్నామమ్మా. మాటలేమో మా వైపు భాషలో ఉంటాయి. జనం బొమ్మ చూడటం మానేసి సౌండు బాక్సు వైపు తిరిగి వార్తలు విన్నట్టు వింటున్నారు. చివర్లో లేచి వెళ్లిపోతున్నారు. మాటల్లేకుండా బొమ్మలతోనే ఏమైనా చెయ్యగలరా?"

విషయం ఏమిటంటే, పసిపిల్లలకు బేదులు పట్టుకుంటే తల్లులు నీళ్లు మానేస్తారు. నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుతాయని భయం. కాచి చల్లార్చిన నీళ్లలో బెల్లం, ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టించాలని చెప్పాలి. జనానికి అర్థమైతే తమ ఆఫీసులో ఖాళీగా ఉన్న ఆర్టిస్టు పోస్టుకు నా పేరు రాస్తానన్నాడు. బెల్లం, ఉప్పు అంటే కిరాణా దుకాణం పిల్లకు ఎవరైనా చెప్పాలా? సరేనన్నాను.

మా వీధిలో ఫోటో స్టూడియో నడిపే అన్న దగ్గర పెళ్లిళ్లు తీసే చిన్న సినిమా కెమెరా ఉంది. ఒక్కో బొమ్మకు ఒక్కో నొక్కు నొక్కొచ్చు. దాన్ని స్టూలుకు తలకిందులుగా కట్టాడు. కింద గాజు పలక, గాజు పలక కింద బల్బు, పైన పల్చటి కాగితం. ఒక బొమ్మ మీద ఇంకో కాగితం పెట్టి, కాస్త జరిపి మళ్లీ వెయ్యడం. ఆ ఉక్కపోతలో ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి, వెయ్యకపోతే చెమట చుక్కలు బొమ్మ మీద పడతాయి. మేము ఫ్యాను వెయ్యలేదు.

మొదట చిన్న ముక్క తీసి, బొంబాయికి పంపి కడిగించి తెప్పించి చూసుకున్నాం. అన్న నవ్వలేక దగ్గాడు. తల్లి చేతి గాజులు తెర మీద పురుగుల్లాగా పాకుతున్నాయి. ఒక కాగితం మీద వేసిన గాజు ఇంకో కాగితం మీద సరిగ్గా అదే చోట పడదు కదా. నుదుటి బొట్టు సంగతి ఇంకా ఘోరం. అది కనుబొమల మీద చెంగుచెంగున గెంతుతోంది.

"తీసేయ్ చెల్లె. చెయ్యి కనబడ్తె చాలదా?" అన్నాడు అన్న.

నాకూ అదే నయమనిపించింది. గాజులు తీసేశాను, బొట్టు తీసేశాను, పని సగానికి సగం తగ్గింది. ఆ తర్వాత చెయ్యి ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. మూడువేళ్లతో ఉప్పు తియ్యడం, అరచేతిలో బెల్లం నలపడం, చెంచా పిల్ల పెదవికి ఆనించి ఆగడం, అన్నీ తెరనిండా పెద్దగా చూపించాను. పూర్తయిన కాగితాల కట్టలు ఒక్కొక్కటీ అవ్వ ముందు జారవిడిచాను. ఆగవలసిన ప్రతిచోటా ఊ అంది. అవ్వ ఊ అంటే ఇంకేం కావాలి అనుకున్నాను.

మొదటిసారి చూపించింది భూపాలపల్లి వైపు, చిట్యాలలో. ఆఫీసరు జీపులో స్టూడియో అన్న, నేను, వెనక అవ్వ. బడి వరండా స్తంభాలకు తెల్ల పంచె కట్టారు. పొద్దుగూకగానే జనం వచ్చారు. అవ్వను ముందు వరసలో కూర్చోమన్నాను. "శుభమా అని మొదలుపెడుతున్నవు, నేనెదురుంగ ఎందుకు బిడ్డా," అని జీపు వెనక్కి పోయి కూర్చుంది. స్టేషన్ బెంచీల మీద అంత దర్జాగా కూర్చునే మనిషి, నా పని దగ్గరికి వచ్చేసరికి మళ్లీ తలుపు వెనక్కి జరిగింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

సినిమా మొదలైంది. పిల్ల ఏడుస్తుంది, మాట లేదు, శబ్దం లేదు. జనం ఊ అన్నారు. నిజంగానే అన్నారు. చిట్యాలలో కూడా కథకు ఊ కొడతారని నాకు ప్రాణం లేచివచ్చింది. పిల్ల వాడిపోతుంది, ఊ. తల్లి తల్లడిల్లుతుంది, ఊ. అప్పుడు తండ్రి తల వంచి గుమ్మంలోంచి లోపలికి వస్తాడు. చేతిలో బెల్లం పొట్లం. మంచం మీద కూర్చుంటాడు.

ఊ రాలేదు.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక వరసలో గుసగుస లేచింది. తెర మీద తల్లి ఉప్పు కలుపుతోంది, బెల్లం నలుపుతోంది, ఎవరికీ పట్టలేదు. అందరి కళ్లూ మంచం మీది మనిషి మీదే. ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"గా మొగోడెవరు సారూ?"

"భర్తండీ. పిల్ల తండ్రి," అన్నాడు ఆఫీసరు.

"మొగడుంటె గాజులెందుకు లెవ్వు? బొట్టెందుకు లేదు?"

పక్కనే ఒక ముసలమ్మ నిట్టూర్చింది. "పాపం మొగడు పోయినామె. పిల్లకు పానం బాగలేదని జూసి, బెల్లం తెచ్చిన సాకుతోని ఇంట్ల జొర్రబడ్డడు."

అంతే, అందరికీ కథ అర్థమైపోయింది. నేను చెప్పిన కథ కాదు, బొమ్మ చెప్పిన కథ. నోటితో చెప్పి ఉంటే 'భర్త' అనే ఒక్క మాటతో సరిపోయేది. బొమ్మకు ఆ సౌకర్యం లేదు. నేను వెయ్యకుండా వదిలేసింది కూడా నేను వేసినట్టే లెక్క. సినిమా అయ్యాక ఏం తెలుసుకున్నారని ఆఫీసరు అడిగితే, ఒకామె చాలా బాధ్యతగా జవాబు చెప్పింది.

"మొగడు లేనోళ్ళు జర తలుపు గొళ్ళెం పెట్టుకోవాలె సారూ."

తిరుగు దారిలో జీపు దిగేటప్పుడు ఆఫీసరు మర్యాదగానే అన్నాడు. "ఆ గాజులు వేసెయ్యండమ్మా. ఎండలు తగ్గేలోపు మళ్లీ వేసి చూద్దాం. ఈసారీ ఇట్లాగే అయితే నేనేం చెయ్యలేను."

మర్నాడు పొద్దున్నే కాగితాల కట్టలు ముందేసుకుని కూర్చున్నాను. కొన్ని వందల చేతులు, ప్రతి చేతికీ గాజులు, అవి పాకకుండా. ఏడుపొక్కటే తక్కువ. అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. ఆమె మీద పడ్డాను.

"అన్ని బొమ్మలకు ఊ కొడ్తివి గదా అవ్వా. గాజులు లెవ్వని ఒక్క మాటన్న చెప్పకపోతివి."

"ఎందుకు చెప్పాలె?" అవ్వ చాటలోంచి తల ఎత్తలేదు. "గది నా చెయ్యేనాయె."

నేను కాగితం వైపు చూశాను. చాటలో కదులుతున్న చేతి వైపు చూశాను. కొంచెం వెనక్కి వంగిన బొటనవేలు. మణికట్టు మీద పొడుచుకొచ్చిన ఎముక. ఉప్పు తీసేటప్పుడు పక్కకు జరిగి నిలబడే చిటికెనవేలు. ఒక్కటీ తేడా లేదు. గాజులు పాకుతున్నాయని తీసేశానని అనుకున్నాను, నిజమే. కానీ తీసేశాక చెయ్యి అంత తేలిగ్గా, అంత చక్కగా ఎందుకు కుదిరిందో అప్పుడు తెలిసింది. పుట్టినప్పటినుంచి నాకు తినిపించింది, తాగించింది ఆ చెయ్యే. పసిపిల్లకు నీళ్లు పట్టించే చెయ్యి అనుకోగానే నా వేళ్లకు వేరే చెయ్యి రాలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని కాగితాల మీద పడకుండా ఆపుకోవడమే పెద్ద పని అయింది.

గాజులు వెయ్యడానికి తీసిన పెన్సిల్ పక్కన పెట్టేశాను. చెయ్యి బొమ్మలు ఒక్కటి కూడా ముట్టుకోలేదు. మనిషి మొత్తం కనిపించే బొమ్మలు మాత్రం కొత్తగా వేశాను. జుట్టుకు సిరా నింపకుండా తెల్లగా వదిలేశాను, నడుం కాస్త వంచాను. తల్లి కాస్తా అవ్వ అయిపోయింది. గుమ్మంలోంచి వచ్చే మనిషి ఇప్పుడు ఆమె కొడుకు. వాడు కూర్చోగానే ఆమె కొంగుతో వాడి ముఖం మీది చెమట తుడుస్తుంది. అది చూపిస్తే అవ్వ ఊ అని, వెంటనే ఇంకో మాట కూడా అంది.

"పిల్ల తల్లేది? అడుగుతరు."

తల్లిని వేస్తే మళ్లీ గాజులు. ఆలోచించి, ఆమెను దూరంగా, గట్టు మీద గడ్డిమోపుతో ఇంటికి వస్తున్నట్టు వేశాను. రెండు చేతులూ గడ్డిలో దాగిపోయాయి. "తెలివి మీరినవ్," అంది అవ్వ.

మళ్లీ చిట్యాలే. ఆఫీసరు వేరే ఊరు పోదామన్నాడు, నేనే పట్టుబట్టాను. అదే పంచె, అదే జనం. "మల్ల గదే బొమ్మనా" అని కొందరు విసుక్కున్నారు. అవ్వ మళ్లీ జీపు వెనక్కే పోయింది.

పిల్ల ఏడ్చింది, ఊ. ముసలామె తల్లడిల్లింది, ఊ. గుమ్మంలో మనిషి కనబడ్డాడు. వాడు కూర్చున్నాడు. ఆమె కొంగు చెమట తుడిచింది. "కొడుకే," అన్నారు ఎవరో. ఆ వెంటనే వరండా అంతా ఒకేసారి ఊ అంది. తర్వాత తెరనిండా చెయ్యి వచ్చింది. ఉప్పు తీసింది, ఊ. బెల్లం నలిపింది, ఊ. చెంచా పిల్ల పెదవి దగ్గర ఆగినప్పుడు జనం కూడా ఊ అనకుండా ఆగారు. పిల్ల గుటక వేశాక అన్నారు.

ఆఫీసరు నా పక్కకు వచ్చి మెల్లిగా చెప్పాడు. "రేపు ఆఫీసుకు వచ్చి దరఖాస్తు ఇవ్వండమ్మా. నేను రాస్తాను."

దీపాలు వేశాక, తెచ్చిన నీళ్లలో బెల్లం, ఉప్పు కలిపి చూపిస్తామనీ, పిల్లలకు బాగాలేని తల్లులెవరైనా ఉంటే రమ్మనీ ఆఫీసరు పిలిచాడు. ఒక తల్లి, వయసులో నాకంటే చిన్నది, చంకలో వాడిపోయిన పసిబిడ్డతో లేచింది. చేతులనిండా ఆకుపచ్చ గాజులు. నేను గిన్నె పట్టుకుని ముందుకు వచ్చాను. ఆమె నన్ను దాటుకుని, ఆఫీసరును దాటుకుని, నేరుగా జీపు వెనక్కి నడిచింది.

"బొమ్మల ఉన్న అవ్వ గీమెనే గదా," అని చెప్పి బిడ్డను అవ్వ ఒడిలో పడుకోబెట్టింది. "మొదటి చెంచా నువ్వే పట్టు అవ్వా."

అవ్వ చేతులు గాలిలో ఆగిపోయాయి. కన్నకొడుకు ఊరికి పోతుంటే తలుపు వెనక్కి జరిగిన మనిషి. ఊరిలో ఏ పసిబిడ్డ నోటికీ మొదటి ముద్ద పెట్టని మనిషి. నేను గిన్నె తీసుకుపోయి ఆమె పక్కన పెట్టాను. అవ్వ చెంచా తీసుకుని, బిడ్డ పెదవి దగ్గరదాకా తెచ్చి, అక్కడ ఆపి నా వైపు చూసింది.

నేను ఊ అన్నాను.